పాత స్పోర్ట్స్ కారుకు క్లచ్ ఆయిల్ కారుతుంటే: తిరుపతి, చిత్తూరు ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర 1967 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. తిరుపతిలో ఉంటూ ఇలాంటి బండిని నడిపిస్తున్నానని తెలిసినవాళ్లు చిత్తూరు నుంచీ, మదనపల్లె నుంచీ ఫోన్ చేస్తుంటారు. పది ఫోన్లు వస్తే అందులో సగం క్లచ్ గురించే. పెడల్ మెత్తబడింది, గేరు పడటం లేదు, కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంది అంటారు. అందరికీ చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను. కొలతలన్నీ ఎంజీబీవి. పద్ధతి మాత్రం హైడ్రాలిక్ క్లచ్ ఉన్న ఏ పాత బండికైనా ఒకటే.

అసలు క్లచ్‌కి ఆయిల్ ఎందుకు? వైరు ఉండదా?

ఈ బండికి వైరు లేదు. పెడల్ తొక్కితే పైన ఉన్న మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఆయిల్ కింద గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను తోస్తుంది. అది ఫోర్క్ అనే మీటను నెట్టి క్లచ్‌ను విడదీస్తుంది.

మాస్టర్ బోర్ (లోపలి వ్యాసం) ముప్పావు అంగుళం, స్లేవ్ బోర్ ఒకటింబావు అంగుళం. వైశాల్యంలో తేడా దాదాపు 2.8 రెట్లు. అందుకే కాలికి బరువు తగ్గుతుంది. కానీ మాస్టర్ పిస్టన్ 28 మిల్లీమీటర్లు కదిలితే స్లేవ్ పిస్టన్ 10 మిల్లీమీటర్లే కదులుతుంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. లోపల ఒక్క సీసీ గాలి ఇరుక్కున్నా, ఒక్క సీసీ ఆయిల్ సీలు దాటి పోయినా స్లేవ్ దగ్గర దాదాపు ఒకటింబావు మిల్లీమీటరు ప్రయాణం పోతుంది. ఉన్నదే కొంచెం కాబట్టి, చిన్న లీకుకే గేరు పడకుండా పోతుంది.

కింద కారింది క్లచ్ ఆయిలేనా, ఇంజన్ ఆయిలా? ఎలా తెలుస్తుంది?

ఒక గ్లాసు నీళ్లలో ఆ చుక్క వేయండి. ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. మనవాళ్లు క్లచ్ ఆయిల్ అన్నా బ్రేక్ ఆయిల్ అన్నా అదే ద్రవం.

గేర్‌బాక్స్ ముందుభాగంలో, క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. అక్కడి నుంచి ఇంజన్ ఆయిల్ కారడం ఈ బండ్లలో మామూలే. దాన్ని చూసి క్లచ్ సిలిండర్లు విప్పేసినవాళ్లు ఉన్నారు. ముందు గ్లాసు పరీక్ష చేయండి.

ఎక్కడ లీకవుతోందో ఎలా పట్టుకోవాలి?

ముందు కారును ఒక రాత్రి అట్టముక్క మీద నిలపండి. ఉదయాన్నే వెలుతురులో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి.

మొదట డ్రైవర్ కాళ్ల దగ్గర చూడాలి. కార్పెట్ ఎత్తి, క్లచ్ పెడల్ పైభాగాన్ని వేలితో తడమండి. తడి తగిలితే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయినట్టే. అక్కడి నుంచి ఆయిల్, పెడల్‌ను పిస్టన్‌కు కలిపే పుష్‌రాడ్ మీదుగా పెడల్ వెంబడి కిందికి దిగుతుంది. బానెట్ తెరిచి పెడల్ బాక్స్ మీద పెయింటు కూడా చూడండి. పొంగి, పొట్టులా లేస్తుంటే లీకు చాలాకాలంగా ఉందని అర్థం.

తర్వాత బండి కిందికి వెళ్లాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరవద్దు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డాలు వేశాకే వెళ్లండి. స్లేవ్ సిలిండర్ చివర రబ్బరు బూటు ఉంటుంది. దాని అంచును మెల్లగా వెనక్కి మడిచి చూడండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే స్లేవ్ సీలు పోయింది. బూటు ఆయిల్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి, లీకు మొదలైన చాలా రోజులకు గానీ నేల మీద చుక్క కనిపించదు.

చివరగా, ఇనుప పైపును స్లేవ్‌కు కలిపే రబ్బరు హోస్ పైపు. దాన్ని కొద్దిగా వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. యూనియన్ల (పైపు జాయింట్ల) దగ్గర పొడి టిష్యూ కాగితం చుట్టి, ఒకరిని పెడల్ తొక్కమనండి. సన్నని చెమ్మ కూడా కాగితం మీద తెలుస్తుంది.

బయట ఎక్కడా తడి లేదు. అయినా పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. ఎందుకు?

మాస్టర్ సిలిండర్ లోపల ముందుండే కప్పు వాషరు, అంటే కప్పు ఆకారపు రబ్బరు సీలు, అరిగింది. ఆయిల్ బయటికి రాదు, పిస్టన్ పక్కనుంచి వెనక్కి జారుకుని మాస్టర్ పైనున్న ఆయిల్ ట్యాంకులోకే చేరుతుంది. ట్యాంకులో మట్టం తగ్గదు కాబట్టి క్లచ్ ప్లేటు పోయిందని అనుకుంటారు.

పరీక్ష సులువు. ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి క్లచ్ పూర్తిగా విడవకపోతే వెంటనే కరకరమంటుంది. ఈసారి పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా కొట్టి వేయండి. ఇప్పుడు మెత్తగా పడితే లోపం ప్లేటుది కాదు, హైడ్రాలిక్స్‌ది.

మా మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడు. తప్పదా?

లీకు కోసమైతే అవసరం లేదు. మాస్టర్, స్లేవ్, హోస్ మూడూ బయటే ఉన్నాయి. ఎంజీబీలో క్లచ్ ప్లేటో, రిలీజ్ బేరింగో మార్చాలంటేనే ఇంజన్ బయటికి తీయాలి.

ఇది నాకే జరిగింది. ఒకసారి మదనపల్లె నుంచి వస్తూ భాకరాపేట ఘాట్ దిగుతుండగా పెడల్ నేలకు అంటుకుపోయింది. పక్కన ఆపి, డిక్కీలో ఉన్న ఆయిల్ పోసి, పెడల్ కొట్టుకుంటూ ఎలాగో తిరుపతి చేరాను. మర్నాడు ఒక షెడ్డులో చూపిస్తే, బండి కిందికైనా వంగకుండా క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఇంజన్ దించారు. ప్లేటు బాగానే ఉంది. మళ్లీ ఎక్కించి చూస్తే పెడల్ అలాగే ఉంది. తప్పంతా స్లేవ్‌లోని ఒక్క రబ్బరు కప్పుది. ఆ మూడు వారాలు పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దనే ఈ జవాబులు రాస్తున్నాను.

రబ్బరు కిట్ వేస్తే సరిపోతుందా, సిలిండరే కొత్తది కొనాలా?

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రబ్బరు పోవడం సాధారణంగా ఫలితమే, కారణం కాదు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి మార్చకపోతే అందులోని నీరు సిలిండర్ లోపలి గోడను తింటుంది. పోత ఇనుము మీద సూదిమొన అంత గుంటలు పడతాయి. కప్పు వాషరు అంచు ప్రతిసారీ ఆ గుంటల మీదుగా రాసుకుంటుంది. మీరు కొత్త కిట్ వేస్తారు, నెలో రెండు నెలలో బాగుంటుంది, తర్వాత కొత్త అంచు కూడా కోసుకుపోతుంది. అప్పుడు కిట్ నాసిరకమని అంటారు. తప్పు కిట్‌ది కాదు, గోడది.

అందుకే పిస్టన్ తీశాక సిలిండర్‌ను శుభ్రంగా తుడిచి, టార్చి వేసి లోపలికి చూడండి. తర్వాత వేలిగోరుతో గోడంతా తడమండి. నల్లటి మరకలు ఉండి గోరుకు ఏమీ తగలకపోతే భయం లేదు, కిట్ వేయొచ్చు. సన్నని గీతలుంటే హోనింగ్ (గోడను సానరాయితో సన్నగా రుద్దడం) చేయించవచ్చు. అదీ పేరుకు రెండు తిప్పులే. ఎక్కువ గీస్తే బోర్ పెద్దదై సీలు వదులవుతుంది. గుంట గోరుకు తగిలిందంటే మాత్రం కిట్‌కు డబ్బు పెట్టవద్దు. కొత్త సిలిండర్ కొనాలి, లేదా పాతదాన్ని లేత్ మీద పెద్దది చేయించి లోపల స్టీలు స్లీవ్ (పల్చని గొట్టం) వేయించాలి.

నాకు స్లీవ్ మీదే ఇష్టం. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇనుములా తుప్పు పట్టదు. పైగా బండితో పుట్టిన సిలిండర్ బండితోనే ఉంటుంది. అయితే లోపలి కొలత సరిగ్గా ముప్పావు అంగుళమో, ఒకటింబావు అంగుళమో రావాలి, అద్దంలా నునుపుగా ఉండాలి. మాస్టర్‌లో ఆయిల్ దిగే సన్న రంధ్రాలను స్లీవ్‌లో మళ్లీ అదే చోట వేయాలి. వాటి అంచు పదునుగా మిగిలితే కప్పు వాషరును చీల్చేస్తుంది. బ్రేక్ సిలిండర్లకు స్లీవ్ వేసిన అనుభవం ఉన్న లేత్ షాపుకే ఇవ్వండి.

మాస్టర్ ఒక్కటే లీకవుతోంది. స్లేవ్‌ను కూడా ముట్టుకోవాలా?

ముట్టుకోవాలి. రెండింటిలో ఉన్నది ఒకే ఆయిల్, దాదాపు ఒకే వయసు రబ్బరు. మాస్టర్ బాగుపడి ఒత్తిడి పూర్తిగా రాగానే, అంతదాకా బలహీనంగా నెట్టుకొస్తున్న స్లేవ్ సీలు వదిలేస్తుంది. హోస్ కూడా అప్పుడే మార్చండి. పాత హోస్ బయటికి బాగానే కనబడుతుంది గానీ లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతుంది. అప్పుడు పెడల్ వదిలినా క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

తిరుపతి షాపుల్లో దొరకదు. ఎంజీబీ, ట్రయంఫ్ స్పేర్లు ఇంగ్లండ్ నుంచి ఇప్పటికీ కొత్తవి వస్తాయి, కొరియర్‌లో తెప్పించుకోవాలి. కస్టమ్స్ డ్యూటీ లెక్కలో వేసుకోండి. చెన్నై మనకు మూడు నాలుగు గంటల దారే కాబట్టి జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపుల్లో, పుదుపేటలో పాత సిలిండర్‌ను చేతిలో పట్టుకుని అడగడం మంచిది. కొలతకు సరిపోయే కప్పు వాషర్లు ఒక్కోసారి దొరుకుతాయి. కానీ ఎన్నేళ్లుగా షాపులో ఉందో తెలియని రబ్బరు తీసుకోకండి. నొక్కితే గట్టిగా ఉందంటే పాతదే.

ఏ ఆయిల్ పోయాలి?

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్. సీలు విప్పని కొత్త డబ్బా. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక లెక్కించే కనీస ప్రమాణం 155 డిగ్రీలే. నిరుడు సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎందుకు వద్దంటానో దీన్నిబట్టే తెలుస్తుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాల్లో తేమ. ఆ నెలల్లో ట్యాంకు మూత ఎక్కువసేపు తెరిచి ఉంచవద్దు.

డాట్ 5 సిలికాన్ రకం. పెయింటును పాడుచేయదని కొందరు మెచ్చుకుంటారు. కానీ పాత ఆయిల్‌తో కలవదు, సీళ్లన్నీ కొత్తవి వేసి లైను ఎండబెట్టాకే పోయాలి. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ కాదు, డాట్ 4 కుటుంబమే. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పడకూడదు. రబ్బరంతా ఉబ్బిపోతుంది.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఈ బండివి అంగుళాల బోల్టులు. మిల్లీమీటరు పానాలు పెట్టి తిప్పితే తలలు గుండ్రమవుతాయి. ముందురోజు సాయంత్రమే యూనియన్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి.

హోస్ తీసేటప్పుడు ముందు పైచివర ఇనుప పైపు యూనియన్ వదులు చేయాలి. తర్వాత బ్రాకెట్ దగ్గర నట్టు తీయాలి. ఆ పైనే హోస్‌ను స్లేవ్ నుంచి తిప్పి విప్పాలి. వరస మారితే హోస్ మెలిక పడుతుంది, పైపు విరుగుతుంది. స్లేవ్ దగ్గరి రాగి వాషరు కొత్తది వేయండి. స్లేవ్ బోల్టులు విప్పి ఉన్నప్పుడు ఎవరినీ పెడల్ తొక్కనివ్వకండి, పిస్టన్ బయటికి ఎగిరొస్తుంది.

మన షెడ్లలో ఏ వస్తువునైనా పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగడం అలవాటు. ఇక్కడ అది కుదరదు. సిలిండర్‌లో మిగిలిన కాస్త కిరోసిన్ చాలు, కొత్త సీళ్లు పాడవడానికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఉతికిన పాత పంచె గుడ్డతో తుడవండి. కాటన్ వేస్టు దారాలు లోపల మిగులుతాయి.

సీళ్లను కొత్త బ్రేక్ ఆయిల్‌లో ముంచి, వేళ్లతోనే ఎక్కించాలి. స్క్రూడ్రైవర్ తగలకూడదు. కప్పు వాషరు నోరు ఒత్తిడి ఉన్న వైపుకే, అంటే ఆయిల్ వైపుకే ఉండాలి. తిరగేసి వేస్తే పెడల్‌కు పట్టే ఉండదు. మాస్టర్‌లో పిస్టన్‌కూ ముందు కప్పుకూ మధ్య పల్చని వాషరు ఉంటుంది, అది పాత కప్పుకు అంటుకుని చెత్తలోకి పోతుంటుంది. అందుకే విప్పుతున్నప్పుడే వరసగా ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

బిగించాక, పెడల్ వదిలినప్పుడు పుష్‌రాడ్‌కు కాస్త ఖాళీ ఉందో లేదో చూడండి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే దారి తెరుచుకోదు.

పెడల్ ఎంత కొట్టినా లైనులోని ఎయిర్ పోవడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువమంది విసిగిపోయేది ఈ పని దగ్గరే. మాస్టర్ నుంచి పైపు ఎగుడుదిగుడుగా వస్తుంది. గాలి పైకి పోవాలనుకుంటుంది, మనం పెడల్ కొట్టి కిందికి తోస్తాం. వంపులో బుడగ ముందుకూ వెనక్కూ ఊగుతుందే తప్ప బయటికి రాదు.

కాబట్టి కింది నుంచి పైకి పంపండి. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, సరిపోయే పారదర్శక ట్యూబు కొనండి. మాస్టర్ ట్యాంకులో ఆయిల్ సగానికి తగ్గించండి. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, ట్యూబులో గాలి లేకుండా చూసి, స్లేవ్ మీద గాలి వదిలే నిపుల్‌కు తొడిగి, నిపుల్ అర చుట్టు వదులు చేసి మెల్లగా నొక్కండి. పైన ఒకరు ట్యాంకును చూస్తుండాలి. బుడగలు గుంపులుగా వచ్చి, తర్వాత ఒక్కొక్కటిగా, ఆపై ఆగిపోతాయి. ఆ క్షణం చూడటం నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం. నిపుల్ బిగించి, తర్వాతే సిరంజి తీయండి. సిరంజి లోపలి రబ్బరు బ్రేక్ ఆయిల్‌కు ఉబ్బి పట్టేస్తుంది, కాబట్టి రెండు తెచ్చుకోండి.

ఇంకో దారి ముందు బ్రేక్ కాలిపర్ నిపుల్ నుంచి క్లచ్ స్లేవ్ నిపుల్‌కు ట్యూబు కలపడం. ట్యూబు ముందే ఆయిల్‌తో నింపి, రెండు నిపుళ్లూ తెరిచి, బ్రేక్ పెడల్ మెల్లగా తొక్కించాలి. కాలు ఎత్తేముందు కాలిపర్ నిపుల్ మూయాలి. బ్రేకుల్లో అదే రకం కొత్త ఆయిల్ ఉంటేనే ఇది చేయండి. బ్రేక్ ట్యాంకు ఖాళీ కానివ్వకండి.

అన్నీ కొత్తవి వేశాం, ఎయిర్ లేదు, లీకు లేదు. రివర్స్ ఇంకా కరకరమంటోంది.

పిన్నులు చూడండి. పెడల్‌ను పుష్‌రాడ్‌కు కలిపే క్లెవిస్ పిన్ను, అది దూరే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటాయి. స్లేవ్ పుష్‌రాడ్ ఫోర్క్‌కు కలిసే చోటా అంతే. ఒక్కోచోట కొంచెమే అరుగుదల, కానీ అన్నీ కలిసి పెడల్ ప్రయాణంలో పెద్ద ముక్కనే తినేస్తాయి. ఎంజీబీలో దీన్ని సరిదిద్దుకోవడానికి అడ్జస్ట్‌మెంట్ స్క్రూ లేదు. పిన్ను మార్చి, రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్లీ డ్రిల్ వేయించడమే.

ఘాట్ రోడ్డు మీద క్లచ్ పోతే?

తిరుమలకు 1974లో తెరిచిన రెండో ఘాట్ మీదుగా ఎక్కుతాం, 1944 నాటి మొదటి ఘాట్ మీదుగా దిగుతాం. రెండింట్లోనూ ప్రతి మలుపుకూ గేరు మార్చాలి. పెడల్‌లో అనుమానం ఉంటే అలిపిరి దాటవద్దు. కొబ్బరికాయ కొట్టి మొక్కుకుని, బండిని అక్కడే ఆపి బస్సులో వెళ్లండి.

దారిలోనే పోతే ఎడమకు తీసి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రానికి రాయి పెట్టండి. ఫస్ట్ గేరులో స్టార్టర్ కొట్టి క్లచ్ లేకుండా కదిలించే పద్ధతి ఉంది, కానీ అది చదునైన ఖాళీ రోడ్డు మీద ఇంటికి చేరడానికే. వెనక యాత్రికుల బస్సులున్న ఎత్తు మీద చేయకూడదు.

ఆయిల్ పెయింటు మీద పడింది!

తుడవకండి. ముందు నీళ్లు ధారగా పోయండి, ఆ తర్వాత తుడవండి. నిమిషాలు గడిస్తే పెయింటు మెత్తబడుతుంది. పని మొదలుపెట్టేముందే ఒక బకెట్ నీళ్లు పక్కన ఉంచుకోండి, ఫెండర్ మీద తడిగుడ్డ పరవండి.

మాది స్టాండర్డ్ హెరాల్డ్. ఇదంతా వర్తిస్తుందా?

వర్తిస్తుంది. 1961 నుంచి మద్రాసులో తయారైన హెరాల్డ్‌కూ హైడ్రాలిక్ క్లచ్చే. బోర్ కొలతలు వేరు, కాబట్టి ఎంజీబీ కిట్ కొనవద్దు. సిలిండర్ మీద పోతలో వచ్చిన అంకెలు చదివి, పిస్టన్‌ను వెర్నియర్‌తో కొలిచి అడగండి.

మళ్లీ ఎన్నాళ్లకు చూడాలి?

ఆయిల్ రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చండి. నేను వానలు వెలిశాక, సంక్రాంతికి ముందు మారుస్తాను. ట్యాంకులో ఆయిల్ నల్లబడితే రబ్బరు కరుగుతోందని, గోధుమరంగులో ఉంటే తుప్పు మొదలైందని అనుకుని రెండేళ్లు ఆగకుండా విప్పండి. బండిని నెలల తరబడి నిలిపేస్తే వారానికొకసారి పెడల్ పది సార్లు తొక్కండి, సీళ్లు ఒకేచోట అతుక్కోకుండా ఉంటాయి. ట్యాంకు మూతలో గాలి ఆడే సన్న రంధ్రం ఉంటుంది, అది దుమ్ముతో మూసుకుపోకుండా అప్పుడే చూసుకోండి.